యుద్ధ విమానం లెక్కతో కాలువ కట్ట ఎక్కడం

ఇది ఇంతకు ముందే రాయవలసింది. నాకు అక్షరాలు రావు కాబట్టి రాయలేదు. మా వాడకు రాత్రి బడి వచ్చేసరికి నాకు యాభై దాటాయి. అప్పటికే ఈ సంగతి అందరూ మా ఆయన నోట విన్నారు. ఆయన చెప్పినప్పుడల్లా విమానం పైకి పోయేది, ట్రాక్టరు ప్రస్తావన వచ్చేది కాదు.

ఆయన వైమానిక దళంలో యుద్ధ విమానాల ఇంజన్లు చూసే పని చేసి, పింఛనుతో కోటగిరి దగ్గరి మా ఊరికి తిరిగొచ్చాడు. పాత ట్రాక్టరు కొని బోధన్ ఫ్యాక్టరీకి చెరకు తోలడం మొదలుపెట్టాడు. ఊళ్లో అందరికీ ఆయన మిలిట్రీ.

ఏది చెప్పినా విమానంతోనే చెప్పేవాడు. ఇంజను నెట్టే బలంలో గాలి అడ్డుకునేది పోగా కొంత మిగులుతుందట. ఆ మిగులు ఎక్కువై బరువు తక్కువైతే విమానం నిట్టనిలువుగా లేస్తుంది. రెక్కల కింద బాంబులు, ఇంధనం ట్యాంకులు వేలాడుతుంటే మెల్లగా ఎక్కుతుంది. అందుకే శత్రువు ఎదురైతే పైలట్ ముందు ఆ ట్యాంకులను వదిలేస్తాడు. నేను బియ్యం ఏరుతూ ఇవన్నీ విన్నాను. అర్థమయ్యాయి కూడా.

ఆ ఏడు మా సొంత చేలో మొదటిసారి చెరకు వేశాం. చెరకు తెమ్మని ఫ్యాక్టరీ ఇచ్చిన చిట్టీ మేం బయలుదేరిన రోజు సాయంత్రం దాకానే చెల్లుతుంది. దాటితే మళ్లీ వంతు ఎప్పుడో తెలియదు, కొట్టిన చెరకు ఎండి తూకం పడిపోతుంది. బరువు తగ్గుతుందన్న మాట మా ఆయనను పెద్దగా బాధపెట్టలేదు. నన్ను బాధపెట్టింది.

కాలువ కట్ట ఎక్కే చోట ట్రాక్టరు ఆగిపోయింది. నేను ట్రాలీలో చెరకు మీద కూర్చుని ఉన్నాను.

"ఏమే, దిగు. బరువు తియ్యాలె," అన్నాడు.

దిగాను. ట్రాక్టరు కదల్లేదు. సద్ది మూట, నీళ్ల కుండ, పనిముట్ల పెట్టె దింపాడు. వెనక ఎడ్లబండ్లు వరుసగా ఆగాయి.

"మిలిట్రీ అన్నా, చెప్పులు గూడ ఇడువు, లేస్తదేమో!" అని మా వెనక బండాయన అరిచాడు.

మా ఆయన చెప్పులు విడిచాడు.

తర్వాత చెరకు దింపాం. దాదాపు సగం కట్ట కింద పేర్చాక ఆయన "ఇగ సూడు" అని ఇంజను రేసు పెంచాడు. ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. విమానానికి అది మంచిదే. ట్రాక్టరు వెనక్కి తిరగబడితే నడిపేవాడు దాని కిందే ఉంటాడు. ఆయన క్లచ్ తొక్కాడు, చక్రాలు దబ్బున నేల మీద పడ్డాయి.

"ముందర ఇద్దరు కూసోవాలె, అన్నా. ఈడ ట్రాక్టర్లను గట్లనే ఎక్కిస్తరు," అన్నాడు బండాయన.

"ఎక్కెటందుకు బరువు పెడ్తరా? నేను ఇన్నేండ్లు దింపుడే సూసిన."

"నువ్వు గాలిల పోతున్నవా, భూమ్మీద పోతున్నవా?"

పొద్దు వాలుతోంది. నేను పోయి ముందు బంపర్ మీద కూర్చున్నాను. బండాయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"దిగుతవా లేదా?" అన్నాడు మా ఆయన నాతో.

"చిట్టీ పోతది. నడుపు."

నడిపాడు. ముందు చక్రాలు నేల వదల్లేదు. ట్రాక్టరు మెల్లగా కట్ట ఎక్కింది. సగం దింపకపోతే మేమిద్దరం ముందు కూర్చున్నా ఎక్కేది కాదని ఆయన బోధన్ దాకా చెబుతూనే ఉన్నాడు. అదీ నిజమే అనుకుంటాను. ఫ్యాక్టరీ గేటు మూసేలోపు ట్రాలీలో ఉన్న సగం తూకానికి పోయింది.

మర్నాడు పొద్దున్నే కట్ట దగ్గరికి పోయాను. దారిన పోయేవాళ్లు తిన్నంత తిని పిప్పి అక్కడే వదిలారు. బండాయనకు ఆ రోజుకూ చిట్టీ ఉంది, మా చెరకూ దాని మీదే తూయిస్తానన్నాడు. మిగిలింది అతని బండికెత్తి, ఎడ్లు కట్ట ఎక్కుతుంటే వెనక నుంచి నెట్టాను.