ఇడి, ఇడు

కవితకు మంచు అంటే భయం లేదు. ఈరేష్ చేతులంటేనే భయం.

ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు కూలి మరియమ్మ కూతురు కవిత. పత్తి సీజను అయిపోయాక ఆ మిల్లు సిమెంటు కళ్లం మీద వ్యాయామ టీచరు దేవేంద్రప్ప పిల్లలకు చక్రాల స్కేటింగు నేర్పేవాడు. అక్కడే, పదేళ్ల వయసులో, కౌతాళం పిల్లగాడు ఈరేష్ ఆమెకు జోడీ అయ్యాడు. ఆ జోడీయే తర్వాత మంచు మీద నాట్యానికి, పోటీలకు ఎక్కింది. మంచు దొరికేది మాత్రం దూరాన డెహ్రాడూన్‌లో, ఏడాదికి ఇరవై రోజులు. మిగతా కాలమంతా సిమెంటే. పతకం తెచ్చిన రోజు శాలువా కప్పిన పెద్దలెవరూ ఆ కళ్లానికి ఒక రేకు కూడా వేయించలేదు.

"ఈడ తాగే నీళ్లే రావు, నీ కూతురు గడ్డకట్టిన నీళ్ల మింద ఎగురుతాందంట!" అని పక్కింటి పార్వతమ్మ ఎత్తిపొడిచేది.

పోయిన ఏడు జాతీయ పోటీలో ఈరేష్ ఆమెను నడుం పట్టి పైకెత్తి గిర్రున తిరుగుతుండగా అతని బ్లేడు మంచులో ఇరుక్కుంది. అతనేదో అరిచాడు. కవిత అతని మెడ వదిలేసింది. కిందపడి ఆమె భుజం ఎముక విరిగింది. అతను పడకుండా ఉండడానికి తనను మెడ వదలమన్నాడనే కవిత అనుకుంది. అడగలేదు. అతనూ ఏమీ అడగలేదు.

ఈసారి పోటీ నుంచి శిక్షణ శిబిరానికి ఒక్క జోడీనే తీసుకుంటారు. జోడీని పైకెత్తి తిప్పే ఆ ఎత్తు చేయకపోతే జాబితాలో పేరు రాదు. పేరు రాకపోతే ఆమె కూడా తల్లి పక్కన పత్తి దుమ్ములో నిలబడాలి. ఆ దుమ్ముకు మరియమ్మ దగ్గే దగ్గు ఇల్లంతా వినపడుతుంది.

పోటీకి బయలుదేరే ముందురోజు కళ్లం మీద ఈరేష్ తన నడుం పట్టుకోగానే కవిత అతని చేతులు విదిలించుకుంది.

"నాతో కాదు. మల్లా ఇడు అని అరుస్తావు నువ్వు."

"నేనెప్పుడంటినే?"

"అని పడేస్తివి గదా పోయినేడు!"

ఈరేష్ మొహం పాలిపోయింది. "ఇడు గాదే, ఇడి! మా ఇంట్లో కన్నడం గదా, ఇడి అంటే పట్టుకో అని. గట్టిగా పట్టుకోమంటే నువ్వే ఇడిసిపెడితివి. నా మింద నమ్మకం లేదనుకుంటి ఏడాదంతా."

దేవేంద్రప్ప నెత్తి కొట్టుకున్నాడు. "ఒరే, ఏ భాషో ముందు సెప్పి అరువురా!"

ఈరేష్ నవ్వాడు. కవితకు నవ్వు రాలేదు. సంగతి తెలిసినంత మాత్రాన విరిగిన ఎముక నమ్ముతుందా?

"ఈసారి నోరు మూసుకో. అరవాల్సొస్తే నేనే అరుస్తా," అంది.

పోటీ రోజు మంచు మీద కవిత పళ్లు కటకటలాడాయి, చలికి కాదు. ఈరేష్ ఎత్తాడు. తిరుగుడులో అతని కాలు ఒక్క క్షణం తడబడింది. అతని నోరు తెరుచుకుని మూసుకుంది. కవిత కళ్లు మూసుకుని, గోళ్లు దిగేలా మెడ పట్టుకుంది. ఏడు సెకన్లు. దించాక చూస్తే అతని మెడ మీద రక్తపు చారలు.

జాబితాలో వాళ్ల పేర్లే వచ్చాయి. దాని కింద శిబిరంలో నేర్పే, ఇంతకన్నా కష్టమైన కొత్త ఎత్తు పేరును ఆమె రెండుసార్లు చదివింది. తల్లికి ఫోను చేసింది.

"ఇంకో ఏడాది మిల్లుకు రాను మా."

"భయం పోయిందామ్మే?"

"యాడ పోతాది? దాన్నీ ఎక్కించుకుని ఎగురుతాండా."