ఫినాయిల్ తాగిన గ్యాస్ సంచి

ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే దారిలో బస్సు దిగి కాస్త నడిస్తే రోశమ్మ ఇల్లు. ఆమెకు రెండు బర్రెలు, ఒక ఆవు, శీనయ్య అనే భర్త. భర్తను చివర పెట్టింది నేను కాదు, ఆమే. ఈ కథంతా ఆమె చెప్పగా విన్నదే. "పేరు మార్చి రాయమంటావా?" అని అడిగితే, "మారిస్తే అది నేనేనని ఊరికెట్ట తెలస్తాది?" అని కసురుకుంది.

పోయిన ఏడు పొదుపు సంఘం వాళ్లు ఆమెకు పేడ గ్యాస్ సంచి ఇప్పించారు. ఎడ్లబండి అంత పొడవున్న నల్లటి సంచి. ఒక వైపు పేడ కలిపిన నీళ్లు పోస్తే లోపల గ్యాస్ తయారై, పైపు గుండా వంటింటి స్టవ్‌కు చేరుతుంది. దాన్ని పరచడానికి పశువుల పాక పక్కన చదునైన చోటు ఒక్కటే దొరికింది. అది శీనయ్య ఏటా గడ్డివామి వేసే చోటు. సణుగుతూనే వదిలాడు.

నెల తిరిగేసరికి సంచి ఉబ్బింది. స్టవ్ వెలిగింది! ముప్పై ఏళ్లుగా చిల్లకంప కొట్టి తెచ్చి, పొగలో ఊది ఊది వండిన మనిషి రోశమ్మ. మొదటి రోజే మూడు సార్లు టీ పెట్టి, తాగేవాళ్లు లేకపోతే పిలిచి మరీ తాగించింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా సంచిని చూడవచ్చారు.

"ఎన్నో నెలే దీనికి?" అంది పక్కింటి లిదియమ్మ, సంచిని నిమురుతూ.

"నిండుగా ఉండాది. తట్టి చూడు."

తట్టి చూడని వాళ్లు లేరు. రోజూ ఎవరో ఒకరు వస్తున్నారు. వచ్చినవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే రోశమ్మకు తలకొట్టేసినట్టు ఉండేది. ఉదయగిరి పోయి ఫినాయిల్ డబ్బాలు తెచ్చింది. రెండు పూటలా పాకంతా కడిగింది. కడిగిన నీళ్లలో పేడ ఉంటుంది కదా, పారబోయడానికి మనసొప్పక వాటిని కూడా సంచిలోనే పోసింది.

పది రోజులకు పాక ఆసుపత్రిలా గుబాళించింది. సంచి మాత్రం ముడతలు పడి నేలకు అంటుకుపోయింది. పుల్ల గీస్తే పుల్లే వెలిగింది గానీ స్టవ్ వెలగలేదు.

శీనయ్య అవకాశం వదల్లేదు. "పై ఆదివారం కాక ఆ పై ఆదివారం గడ్డి ట్రాక్టర్ వస్తాది. ఆ లోపల మంట చూపించు. లేకుంటే సంచి చుట్టేసి అటకెక్కిస్తా. ఆడ వామి ఏస్తా."

రోశమ్మ ఆత్మకూరులో ఉండే బీబమ్మకు ఫోన్ చేసింది. సంఘం మీటింగులో కలిసిన మనిషి. ఐదేళ్లుగా పేడ గ్యాస్ మీదే వండుతోంది. ఫినాయిల్ మాట వినగానే బీబమ్మ కేకేసింది.

"అరే, ఏం పని చేసినావే తల్లీ! పేడలో కంటికి కనపడని పురుగులుంటాయి, అవే గ్యాస్ చేసేది. అన్నిట్నీ చంపేసినావు కదే!"

"అయ్యో, ఇప్పుడెట్టక్కా?"

"పాత నీళ్లు సగం పైన తోడెయ్. క్యాను తీసుకోని మా ఇంటికి రా. పాలకి తోడు ఏసినట్టు, మా దాంట్లోది తీసకపోయి నీ దాంట్లో ఎయ్."

సంచిలో నీళ్లు సగం పైన తోడేసి, మరునాడే రోశమ్మ ఆత్మకూరు పోయింది. బీబమ్మ ఇంటి గ్యాస్ తొట్టి నుంచి వచ్చే చిక్కటి పేడనీళ్లు క్యాను నిండా పట్టుకుంది. ఒలకకుండా మూత బిగించి, పైన గుడ్డ కట్టి, బస్సులో కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది.

అరగంట గడిచింది. బస్సు ఒక గుంతలో పడి లేచింది. టప్! గుడ్డ ఊడింది, మూత ఎగిరి ముందు సీటాయన ఒళ్లో పడింది. ఆ వాసనకు బస్సంతా ఒక్కసారి కిటికీల వైపు ఒరిగింది.

"ఏందమ్మా అది?" కండక్టర్ ముక్కు మూసుకుని పరిగెత్తుకొచ్చాడు. "దించు! క్యానన్నా దించు, నువ్వన్నా దిగు!"

ఇంకొకరైతే సిగ్గుతో సీటు కిందకి దూరేవాళ్లు. రోశమ్మ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

"మూత ఎగిరింది చూసినావా నాయనా? లోపల గ్యాస్ ఊరతా ఉండాది! దీనికి ప్రాణం ఉండాది!"

"దానికి ప్రాణం ఉండాదిలే, మాకు పోతా ఉండాది!" అన్నాడు మూత పట్టుకున్నాయన. అతనే నవ్వడంతో బస్సంతా నవ్వింది. కండక్టర్ ఆమెను క్యానుతో సహా వెనక సీటుకు పంపి ఊరుకున్నాడు.

ఒక క్యాను ఏ మూలకు? వరసగా నాలుగు రోజులు తిరిగింది. నాలుగో రోజు ఆ కండక్టరే, "మూత గట్టిగా పెట్టినావా అమ్మా?" అని అడిగాడు.

"గట్టిగా పెడితేనే గదా ఎగిరింది. వదులుగా పెట్టినాను లేప్పా."

ఇక ఫినాయిల్ జోలికి పోలేదు. పేడ తగ్గించి, గోరువెచ్చని నీళ్లతో కలిపి, పసిబిడ్డకు పట్టినట్టు కొంచెం కొంచెంగా పోసింది. వారం దాటినా చలనం లేదు. శుక్రవారం ఒక మూల చిన్న ఉబ్బు కనిపించింది. శనివారానికి అది దిండంత అయింది. రోశమ్మ గంటకోసారి పోయి తట్టింది.

ఆదివారం ఉదయం ట్రాక్టర్ మలుపు తిరిగిన చప్పుడు వినపడింది. రోశమ్మ స్టవ్‌ను గుమ్మం బయటికి లాగి, ఎండలోనే పుల్ల గీసింది. శీనయ్య నడుం మీద చేతులు పెట్టుకుని వంగి చూశాడు.

"ఏదీ మంట?"

రోశమ్మ కూడా వంగి చూసింది. నిజమే, ఏమీ కనపడటం లేదు. చెవి దగ్గర పెట్టి వింది. స్స్ మని సన్నగా శబ్దం.

"ఉండాదయ్యా!"

"ఏడ ఉండాది? నన్ను గుడ్డోణ్ణి చేస్తావా?" శీనయ్య స్టవ్ మీద అరచెయ్యి పెట్టేశాడు.

"ఓయమ్మో!"

ఎండలో కనపడని నీలి మంట అతనికి బాగా తగిలింది. అతని గంతులు చూసి రోశమ్మ నవ్వాలో, నీళ్లు తేవాలో తెలియక రెండూ చేసింది. ఇంతలో ట్రాక్టర్ వచ్చి వాకిట్లో ఆగింది.

"గడ్డి ఏడ దించేది? ఎప్పుడూ దించే కాడేనా?" డ్రైవర్ అరిచాడు.

చెయ్యి నీళ్ల బిందెలో ముంచి ఉన్న శీనయ్య అంతకంటే గట్టిగా అరిచాడు.

"పాక ఎనక దించరా! ఈడ గ్యాస్ సంచి ఉండాది, కనపడ్లా?"