లక్ష్మీనరసయ్య గ్యాస్

పొదిలిలో ఎరువుల దుకాణం నడిపే లక్ష్మీనరసయ్యకు తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. హనుమంతునిపాడు నుంచి రైతు వచ్చి తెగులు పట్టిన కంది ఆకు చూపిస్తే, సరిగా చూడకుండానే మందు డబ్బా చేతిలో పెట్టి పంపేవాడు. తన ఒంటి సంగతీ అంతే. కాళ్లు వాస్తే ఉప్పు ఎక్కువైందన్నాడు. కళ్లు పచ్చబడితే ఎండ తగిలిందన్నాడు. కాలేయం పూర్తిగా పాడైంది, మార్చాల్సిందేనని గుంటూరు డాక్టర్లు తేల్చేసరికి ఆ మేధావి పొట్ట నిండా నీళ్లు చేరాయి.

భార్య అనంతలక్ష్మి తన కాలేయంలో ముక్క ఇస్తానంది. ప్రేమ పొంగిపొర్లి కాదు. కళ్లెదుట మనిషి పోతుంటే చూస్తూ కూర్చోవడం ఆమెకు చేతకాదు, అంతే.

ఆపరేషన్‌కు ముందు మత్తు ఇచ్చే డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. "కొత్త కాలేయం పెట్టేటప్పుడు గుండె మీద ఒక్కసారిగా భారం పడుతుంది. గుండె బలహీనంగా ఉంటే ఆపరేషన్ బల్ల మీదే ఆగిపోవచ్చు. దాచకుండా చెప్పండి. ఛాతీలో నొప్పి వస్తుందా?"

"అబ్బే! మా వంశంలోనే గుండెజబ్బు లేదమ్మా."

"రెండంతస్తులు మెట్లెక్కగలరా?"

"పరిగెత్తుతా."

అనంతలక్ష్మికి ఒళ్లు మండింది. పరిగెత్తేవాడు రెండేళ్లుగా మేడ మీది పడకగది వదిలేసి దుకాణం వెనక గదిలో ఎందుకు పడుకుంటున్నట్టు? ఆరో మెట్టు దగ్గరే ఆగి, రొమ్ము రుద్దుకుంటూ, గ్యాస్ పట్టేసింది సోడా తెమ్మని ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. పొదిలిలో మెడకూ బొడ్డుకూ మధ్య వచ్చే ప్రతి నొప్పికీ అదొక్కటే పేరు. ఎవరూ అబద్ధం ఆడరు, ఎవరూ నిజం చెప్పరు.

ఈసీజీ బాగానే వచ్చిందని డాక్టరమ్మ అనగానే, చూసినావా అన్నట్టు భార్య వైపు తిరిగి ఆయన మీసం దువ్వాడు. ఆ మీసం చూసి అనంతలక్ష్మికి అసహ్యం వేసింది. ఆ నొప్పి సంగతి చెబితే ఆపరేషన్ ఆగిపోతుందేమో. చెప్పకపోతే తన కడుపు కోసి తీసిన ముక్కతో సహా ఈయన పోతాడు.

"అమ్మా, ఈయనకు గ్యాస్ వస్తాది," అంది.

"నోర్ముయ్యే! గ్యాస్ సంగతి డాక్టరమ్మకెందుకు?"

డాక్టరమ్మ మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఎక్కడ వస్తుంది? చూపించండి."

అనంతలక్ష్మి అరచేయి తన రొమ్ము నడిమధ్య పెట్టి, ఎడమ భుజం మీదుగా దవడ దాకా తీసుకుపోయింది. "మెట్లెక్కితే వస్తాది. ఆగి నిలబడితే పోతాది."

డాక్టరమ్మ అంతవరకు రాసిందంతా కొట్టేసింది.

మర్నాడు యాంజియోగ్రామ్‌లో గుండెకు పోయే రెండు రక్తనాళాలు దాదాపు మూసుకుపోయి కనిపించాయి. ముందు వాటికి స్టెంట్లు వేయాలి, కొన్ని నెలలు రక్తం పల్చబడే మందులు వాడాలి, కాలేయం సంగతి ఆ తర్వాతే అన్నారు. అన్ని నెలలు ఆ పాడైన కాలేయం తట్టుకుంటుందో లేదో ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం లక్ష్మీనరసయ్య భార్య మీద విరుచుకుపడ్డాడు. "నా కొంప ముంచినావు గదే. నువ్వు గమ్మునుంటే ఈ పాటికి ఆపరేషన్ అయిపోయేది."

"అయిపోయేది," అంది అనంతలక్ష్మి, ఆయన కాళ్ల మీద దుప్పటి సర్దుతూ. "నా కాలేయం కోసి పీనుగలో పెట్టి కుట్టేవాళ్లు."