మీటరుకు అందని నవ్వు

గిరిప్రసాద్ చేసే ఉద్యోగానికి సరైన పేరేమిటో చుట్టాల్లో ఎవరికీ తెలియదు. "టీవీ బాక్సుల పని" అంటారు. కేబుల్ మనిషి అనుకుని, బొమ్మ సరిగా రావడం లేదని దారిలో ఆపి అడిగేవాళ్ళూ ఉన్నారు. అతను ఎవరినీ సరిదిద్దడు.

కొన్ని ఇళ్ళలో టీవీ పక్కన చిన్న మీటరొకటి ఉంటుంది. ఆ ఇంట్లో ఎవరు ఏ ఛానల్ ఎంతసేపు చూశారో అది ఆఫీసుకు పంపుతుంది. ఆ లెక్కలోంచే కార్యక్రమాల రేటింగు అంకె పుడుతుంది. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో బటన్. టీవీ ముందు కూర్చోగానే ఎవరిది వాళ్ళు నొక్కాలి. చిత్తూరు, నగరి, పుత్తూరు, ఏర్పేడు వైపు అలాంటి ఇళ్ళు నలభై దాకా ఉన్నాయి. ఆ మీటర్లను చూసుకునేది గిరిప్రసాదే. ఏ ఇంట్లో మీటరుందో బయట చెప్పకూడదు. ఫలానాది చూడండని ఆ ఇంటివాళ్ళతో అసలే అనకూడదు. ఉద్యోగంలో చేరిన రోజే ఈ రెండింటికీ సంతకం పెట్టించుకున్నారు.

అతనిది నగరి. నాయన గోవిందయ్యకు నాలుగు పవర్‌లూమ్ మగ్గాలుండేవి. ఆ చప్పుడులో మాట వినపడదు గనుక ఇంట్లో అందరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు, గిరిప్రసాద్ తప్ప. చిత్తూరులో ఐటీఐ చదివి, రెండేళ్ళు రిపేరు షాపులో కూర్చుని, ముప్పై ఏళ్ళకు ఈ పనిలో కుదురుకున్నాడు. ఇప్పుడు నలభై దగ్గర పడుతున్నాడు.

అతని పిన్ని కూతురు హేమశ్రీ తిరుపతిలో చదువుకుని హైదరాబాదు పోయింది. ఆరేళ్ళు ఎవరెవరి సీరియల్స్‌కో మాటలు రాసింది. చివరికి ఒక ఛానల్ ఆమె సొంత కథకు శనివారం సాయంత్రం ఏడు గంటలకు అరగంట ఇచ్చింది. దాని పేరు 'అడిగితే చెబుతాం'. చిన్న ఊరి బస్టాండులో విచారణ గది, అందులో ఇద్దరు గుమాస్తాలు, వచ్చిపోయే ప్రయాణికులు. అంతే కథ. వెనక నుంచి నవ్వుల శబ్దం వేయలేదు. ఒక వారం అన్న మాటకు నవ్వు రెండు వారాల తర్వాత వచ్చేది.

మొదటి వారం చూస్తూ గిరిప్రసాద్ ఉలిక్కిపడ్డాడు. పెద్ద గుమాస్తా అవుననీ కాదనీ చెప్పకుండా, కళ్ళజోడు నుదుటికెత్తి ఎదురు ప్రశ్న వేస్తున్నాడు. చనిపోయి రెండేళ్ళయిన తన నాయన అచ్చం అలాగే చేసేవాడు. భార్యను పిలిచి చూపించాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, తర్వాత కళ్ళు తుడుచుకుంది.

పత్రికలు మెచ్చుకున్నాయి. ఒక దినపత్రిక ఆదివారం సంచికలో అరపేజీ రాసింది. కానీ ఎనిమిదో వారానికి హేమశ్రీ దగ్గర నుంచి ఫోనొచ్చింది. గిరిప్రసాద్ అప్పుడు చిత్తూరు బస్టాండు ఎదుట టీ తాగుతున్నాడు.

"అన్నా, నీది మీటర్ల పనే గదా? నువ్వు చెప్పకపోయినా నాకు తెలుసు."

అతను గ్లాసు పట్టుకుని జనానికి కొంచెం దూరంగా జరిగాడు.

"మా అంకె లేవడంలే. ఇట్లయితే ఆపేస్తామంటా ఉండారు. నీ ఇండ్లల్లో ఒక్క మాట చెప్పు. అబద్ధం చెప్పమనలే. ఒకసారి సూడండని చెప్పు సాలు."

"అది చెప్పకూడదు హేమా."

"నేను పరాయిదాన్నా?"

"నువ్వు కాబట్టే ఇంతసేపు ఆలోచిస్తా ఉండా. లేకుంటే ఫోన్ పెట్టేసేవాణ్ణి."

"సరేలే అన్నా" అని ఆమే పెట్టేసింది. ఆ రోజు మిగిలిన టీ అతను తాగలేకపోయాడు.

ఆ శనివారం ఏర్పేడు దగ్గరి ఒక పల్లెలో చౌడేశ్వరమ్మ ఇంటికి వెళ్ళాల్సి వచ్చింది. రెండు రోజులుగా ఆ మీటరు నుంచి ఏమీ అందడం లేదు. చౌడేశ్వరమ్మకు అరవై దాటాయి, చెవులు కొంచెం మందం. కోడలు మహిత ఆ పక్కనే ఉన్న పెద్ద కాలేజీ ఆఫీసులో పని చేస్తుంది. ఊడిన వైరు బిగించి, మీటరు వెలిగేసరికి ఏడుకు రెండు నిమిషాలున్నాయి.

చౌడేశ్వరమ్మ తన బటన్ నొక్కి, రిమోట్ అతని ముందుకు చాపింది. "నువ్వే పెట్టప్పా. ఏది పెడితే నీ మిషన్‌కు బాగుంటాదో అదే పెట్టు."

రిమోట్ అతని చేతికి జానెడు దూరంలో ఉంది. హేమశ్రీ గొంతు గుర్తొచ్చింది. నాయన కళ్ళజోడు గుర్తొచ్చింది. ఒక్క నంబరు నొక్కితే చాలు, ఆమె అరగంటసేపు కదలకుండా చూస్తుంది.

"మీరు రోజూ ఏది సూస్తే అదే పెట్టుకోండమ్మా" అన్నాడు.

ఆమె అత్తాకోడళ్ళ సీరియల్ పెట్టుకుంది. అతను చేతులు కడుక్కోవడానికి పెరటి వైపు వెళ్తుంటే వంటింట్లోంచి నవ్వు వినిపించింది. బియ్యం డబ్బాకు ఫోను ఆనించి, చపాతీలు ఒత్తుతూ మహిత 'అడిగితే చెబుతాం' చూస్తోంది. ఫోన్లో ఒక ప్రయాణికుడు అడుగుతున్నాడు: "నాలుగ్గంటల బస్సు వచ్చేసిందా సార్?" పెద్ద గుమాస్తా కళ్ళజోడు పైకెత్తి, "నిన్నటిదా, ఈ రోజుదా?" అన్నాడు. మహిత చపాతీ కర్ర పక్కన పెట్టి మరీ నవ్వింది.

"టీవీలో సూడొచ్చు గదమ్మా?" అన్నాడు గిరిప్రసాద్.

"టీవీ అత్తకు కావాల గదన్నా. మొదటి వారం ఆమె గూడా సూసింది. రెండో వారం కరెంటు పోయింది. మూడో వారం వీళ్ళెందుకు నవ్వుతా ఉండారో అర్థం కాలేదంట. ఇది మాటమాటా వినాల. ఆమె సీరియల్ అట్ల కాదు, పది రోజులు సూడకపోయినా కథ ఆడనే ఉంటాది."

ఫోన్లో చూసేది మీటరుకు తెలియదు. మీటరు మీద మహిత బటన్ వెలగనే లేదు. పని ముగిశాక నింపే కాగితంలో 'ఇతర విషయాలు' అని ఒక గడి ఉంటుంది. పదేళ్ళుగా అతను అందులో 'ఏమీ లేవు' అనే రాస్తున్నాడు. ఆ రోజు, 'ఈ ఇంట్లో ఒకరు ఇదే సమయంలో వంటింట్లో ఫోన్లో వేరే కార్యక్రమం చూస్తున్నారు' అని రాశాడు.

సోమవారం తిరుపతి ఆఫీసు నుంచి పైఅధికారి రఘునాథ్ ఫోన్ చేశాడు. "ఇదేమి రాసినావప్పా? మీటరు పని చేస్తా ఉండాదా లేదా?"

"చేస్తా ఉండాది సార్."

"అంతే రాయి."

పదమూడో వారంతో 'అడిగితే చెబుతాం' ఆగిపోయింది. ఆ సమయంలో వంటల పోటీ మొదలుపెట్టారు. మూడు నెలల తర్వాత ఆ ఏటి ఉత్తమ హాస్య రచనగా దానికే ఒక సంస్థ బహుమతి ఇచ్చింది. తర్వాతిసారి గిరిప్రసాద్ ఏర్పేడు వైపు వెళ్ళినప్పుడు మహిత నిలదీసినట్టే అడిగింది.

"ఆ బస్టాండు కథ ఎందుకాపేసినారన్నా?"

"సూసేవాళ్ళు లేరంటమ్మా."

"నేను సూస్తా ఉన్నా గదా! ఒక్క వారం గూడా తప్పలేదే!"

అతను మీటరు మూత తెరిచి, ఊరికే మళ్ళీ మూశాడు.

గిరిప్రసాద్ తమ్ముడి కొడుక్కి చెవులు కుట్టే రోజున హేమశ్రీ నగరికి వచ్చింది. భోజనాలయ్యాక పందిట్లో చాప మీద ఇద్దరే మిగిలారు. ఫోన్ సంగతి ఆమె ఎత్తలేదు. అతనే ఎత్తాడు. ఊరూ పేరూ చెప్పకుండా, రిమోట్ ముందుకొచ్చిన సంగతీ వంటింటి సంగతీ అంతా చెప్పాడు.

హేమశ్రీ కోపగించుకుంటుందనుకున్నాడు. ఆమె మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, "యాడ నవ్వింది?" అంది.

"ఏమి?"

"ఏ మాటకు నవ్వింది అన్నా, ఆ పాప?"

చెప్పాడు. చపాతీ కర్ర పక్కన పెట్టిన సంగతి కూడా చెప్పాడు. "ఆ మాట తీసేయమన్నారు ఛానల్ వాళ్ళు. ఎవరికీ అర్థం కాదన్నారు. రెండు రోజులు పోట్లాడి ఉంచినా" అంది హేమశ్రీ.

"ఆ పెద్దామె కోసం కొంచెం సులువుగా రాసుంటే?"

"అప్పుడు ఆ పాప నవ్వేది కాదు. ఇద్దరికీ ఒకటే టీవీ ఉండాది. నేనేం చేసేది?" అని, మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, "ఆ పొద్దు నిన్ను అట్ల అడిగుండకూడదన్నా. నిద్రపట్టలే నాకు" అంది.

"నాకూ పట్టలే" అన్నాడు గిరిప్రసాద్.

ఇప్పుడు హేమశ్రీ రోజూ వచ్చే ఒక సీరియల్‌కు మాటలు రాస్తోంది. జీతం బాగుందని పిన్ని సంతోషపడుతోంది. సొంతానికి మాత్రం ఇంకోటి మొదలుపెట్టింది. అది ఏ ఛానల్‌కో ఆమెకే తెలియదు. ఆదివారం పొద్దున ఫోన్ చేసి రెండు పేజీలు చదివి వినిపిస్తుంది. గిరిప్రసాద్ నవ్వొచ్చిన చోట నవ్వుతాడు, రానిచోట రాలేదనే చెబుతాడు. నవ్వు రాని పేజీని ఆమె పక్కన పెట్టి, మరుసటి వారం ఇంకోటి చదువుతుంది.