ముఖం చూపించమన్న అక్క

ఖతర్‌లో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో నాతోపాటు ఒకే గదిలో ఉండిన అక్కది అమలాపురం వైపు. పక్కపేట నజ్మాలో ఒక సెలూన్‌లో డ్యూటీ చేసేది. ఇప్పుడెక్కడుందో తెలియదు. ఎవరైనా ఫోటో తీస్తామంటే మేమంతా జుట్టు సర్దుకుని ఓరగా నిలబడేవాళ్ళం. ఆమె మాత్రం గడ్డం కాస్త పైకెత్తి, తిన్నగా కెమెరాలోకి చూసేది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఫోన్‌లో ఏదో డాక్యుమెంటరీ పెట్టుకుని, "ఇలా రావే" అని పిలిచింది. సెక్స్ వర్క్ చట్టప్రకారం తప్పుకాని ఒక దేశంలో ఆ పని చేసే ఆడవాళ్ళ గురించి. తెల్లవాళ్ళంతా తమ వంటిళ్ళలో కూర్చుని, పేర్లు చెప్పుకుని, నవ్వుతూ మాట్లాడారు. చివర్లో రెండు చామనచాయ చేతులు కనిపించాయి. ముఖం లేదు. వెనక నుంచి ఎవరో ఇంగ్లీషులో జాలిగా చెబుతున్నారు.

"ఆ చేతులు నావే," అంది అక్క.

ఖతర్ రాకముందు ఆ దేశంలో కొన్నేళ్ళున్నానని చెప్పింది గానీ, ఏం పని చేసిందో ఎప్పుడూ చెప్పలేదు. నేను ఆ చేతులకేసి మళ్ళీ చూశాను.

"ముఖం చూపించమనే చెప్పానే. సాయంత్రం దాకా మాట్లాడాను. ఆ తీసేవాళ్ళని కడుపుబ్బ నవ్వించాను కూడా. అదంతా తీసేశారు. మనలాంటోళ్ళు ఏడిస్తేనే బాగుంటుంది కాబోలు."

"ఏం చెప్పి నవ్వించావక్కా?"

ఆమె ముఖం వెలిగింది. చెప్పబోయింది. అంతలో పక్కగదివాళ్ళు తలుపు తోసుకుని వచ్చారు. అక్క ఫోన్ బోర్లించింది.

"ఏం సినిమా అక్కా?"

"ఏదో ఇంగ్లీషుదమ్మా. మనకి తెలిసినవాళ్ళెవరూ లేరు అందులో."