ఐలయ్య వ్యాను ఎందుకు ఉడికింది

1976లో నన్ను హనుమకొండలోని ఒక ప్రైవేటు మోటారు షెడ్డులో ఫోర్‌మన్‌ను చేశారు. అంతకు ముందు అదే షెడ్డులో ఫిట్టరుగా, తరువాత హెడ్ మెకానిక్‌గా తొమ్మిదేండ్లు పనిచేశాను. ఈ మూడు మెట్లకూ తేడా ఉంది. ఫిట్టరు విప్పుతాడు, బిగిస్తాడు. ఏది విప్పాలో హెడ్ మెకానిక్ చెబుతాడు. పని అయిపోయాక బండిని తోలి చూసి, జాబ్ కార్డు మీద సంతకం పెట్టేవాడు ఫోర్‌మన్. ఆ సంతకం పడ్డాక బండి దారిలో ఆగిందంటే మాట పడేది ఫిట్టరు కాదు, ఫోర్‌మనే. నేను చెప్పబోయే వ్యాను కార్డు మీద, ఒకే జబ్బుకు, నా సంతకాలు మూడు పడ్డాయి.

ఆ వ్యాను వరంగల్ మట్టెవాడలో ఉండే ఐలయ్యది. ఆయన జంపఖానాలు నేయించే ఆసామి. ఇంట్లో తొమ్మిది మంది. వారమంతా నూలు కండెలు, తయారైన జంపఖానాలు మోసే బండి ఆదివారం సీట్లు బిగించుకుని ఇంటిల్లిపాదినీ ఎక్కించుకునేది. ఐలయ్య చేతికి వచ్చేసరికే దానికి ఇద్దరు ఓనర్లు మారారు. పెట్రోలు ఇంజను. ఇప్పటి బండ్ల మాదిరి ముందు ముక్కు ఉండదు. ఇంజను రెండు ముందు సీట్ల నడుమ, ఒక రేకు పెట్టె కింద ఉంటుంది. చలికాలంలో పిల్లలు ఆ పెట్టె మీద కూర్చోవడానికి కొట్లాడుకునేవారట.

పాత బండికి వచ్చే జబ్బులన్నీ దానికి వచ్చాయి. పొద్దున స్టార్టు కాకపోయేది. ప్లగ్గులకు కరెంటు పంచే చోట పాయింట్లని రెండు చిన్న రేకులుంటాయి, అవి కాలిపోయి నల్లబడేవి. ఎమ్రీ కాగితంతో రుద్ది సందు సరిచేస్తే సరిపోయేది. మూడో గేరు వేస్తే జారి న్యూట్రలుకు వచ్చేది. ఐలయ్య కొడుకు మల్లేశం ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో గేరు రాడ్డు పట్టుకునే తోలేవాడు. బ్రేకు కొడితే బండి ఎడమకు గుంజేది. కుడి చక్రంలో బ్రేకు ఆయిలు కారి లైనింగు తడిసిపోవడం వల్ల ఆ చక్రం పట్టేది కాదు. వీటిలో ఏదీ నన్ను తిప్పలు పెట్టలేదు. ఒక్కొక్కటే పట్టుకుని బాగుచేశాం.

తిప్పలు పెట్టింది వేడి. ఊళ్ళో ఎంత తిరిగినా వ్యాను చల్లగానే ఉండేది. రోడ్డెక్కి పది పదిహేను మైళ్ళు పోయిందంటే వేడి చూపే మీటరు సూది ఎర్రగీత దాటేది, రేడియేటరు మూత దగ్గర నీళ్ళు బుసబుసమని పొంగేవి. మొదటిసారి రేడియేటరు దింపి, సన్నగొట్టాల్లో కడ్డీలు పోనిచ్చి చిలుము తీయించాను. రెండోసారి నీళ్ళు తిప్పే పంపు మార్చాం. మూడోసారి ఏకంగా ఇంజను హెడ్డు దింపి, దాని కింద సందు మూసే గ్యాస్కెట్ మార్చి బిగించాం. ప్రతిసారీ నేను కాజీపేట దాకా తోలి చూశాను. సూది కదల్లేదు. ప్రతిసారీ సంతకం పెట్టాను. ప్రతిసారీ బండి మళ్ళీ వచ్చింది. షెడ్డులో పనివాళ్ళు నా ముఖం చూసి మాట్లాడడం మానేశారు. ఐలయ్యతో ఎవరో తుక్కు కింద అమ్ముకొమ్మన్నారు. ఆయన నాతో ఒక్క కటువు మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధగా ఉండేది.

1978 వానాకాలంలో ఒక ఆదివారం సాయంత్రం ఐలయ్య మా ఇంటికి వచ్చాడు. చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది. ఆయన చిన్నబిడ్డ సరోజన రైల్వే పరీక్ష పాసైంది. డోర్నకల్లో గుమస్తాగా చేరమని ఆర్డరు. పాత ఇంటి నంబరుకు పోయి, గల్లీలన్నీ తిరిగి, ఆలస్యంగా చేరింది. చేరడానికి ఆఖరు గడువు మర్నాడు మధ్యాహ్నం పన్నెండు. వానలకు లైను కింద కట్ట కోసుకుపోయి ప్యాసింజరు బంద్ చేశారు. రైలెక్కే జనమంతా బస్సుల మీద పడ్డారు, టాపు మీద కూడా జాగా లేదు.

"ఫోర్‌మన్ సాబ్, మా ఇంట్ల సర్కారు కొలువు ఇదే మొదలు" అన్నాడు ఐలయ్య. "బండి డోర్నకల్ దాకా పోతదా? జర ఖుల్లా చెప్పుండ్రి."

పోతుందని చెప్పలేకపోయాను. మూడు సంతకాలు పెట్టినవాణ్ణి, పోదని చెప్పడానికీ నోరు రాలేదు.

"నేను గూడ వస్త" అన్నాను.

పొద్దున ఆరింటికి బయలుదేరాం. మల్లేశం స్టీరింగు దగ్గర, సరోజన ఎడమ సీటులో, నేను నడుమ ఇంజను పెట్టె మీద. వెనక ఐలయ్య రెండు నీళ్ళ క్యానులు కాళ్ళ సందున పెట్టుకుని కూర్చున్నాడు. సరోజనకు పంతొమ్మిదేండ్లుంటాయి. ఒళ్ళో సర్టిఫికెట్ల సంచి. దారి పొడుగునా దాన్ని రెండు చేతులా పట్టుకునే ఉంది.

వర్ధన్నపేట దాటాక సూది లేవడం మొదలుపెట్టింది. ఆపించాను. పెట్టె మూత ఎత్తి చూశాను. ఫ్యాన్ బెల్టు బిగువుగానే ఉంది. ఎక్కడా కారడం లేదు. ఇంజనును మెల్లగా తిరగనిచ్చి చూస్తూ ఉంటే, నా కండ్ల ముందే సూది దిగింది. పొంగిపోయిన నీళ్ళు నింపి కదిలాం. రాయపర్తి దగ్గర మళ్ళీ అదే. ఆపడం, మూత ఎత్తడం, అన్నీ బాగానే ఉండడం, సూది దిగడం. తొర్రూరు దాటి కొన్ని మైళ్ళు పోయాక మూడోసారి పొంగింది. గడియారం చూస్తే తొమ్మిదిన్నర దాటింది. ముందు ఇంకా ముప్ఫై మైళ్ళ పైన ఉంది.

నేను రోడ్డు మీద నిలబడి ఇంజను వైపు చూస్తూ ఉండిపోయాను. రేడియేటరు కాదు, పంపు కాదు, గ్యాస్కెట్ కాదు. ఇంక ఏమీ మిగల్లేదనిపించింది. ఐలయ్య రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని వచ్చే బస్సు కోసం చూస్తున్నాడు. ఒక బస్సు వచ్చింది. తలుపుకు మనుషులు వేలాడుతున్నారు. ఆపకుండానే పోయింది.

అప్పుడు సరోజన బండి దిగి వచ్చింది.

"అన్నా, ఒకటి అడుగనా?"

"అడుగమ్మా."

"బండి ఉరికేటప్పుడు ఉడుకుతాంది. మీరేమో ఆపినంక చూస్తాన్రు. ఉరికేటప్పుడు లోపల ఏమైతాందో ఎవలన్న చూసిండ్రా?"

పదకొండేండ్ల పనిలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. ఎందుకంటే వేరే బండ్లలో అది కుదరదు. ముందు బానెట్ ఉన్న బండిని తోలుతూ ఇంజను చూడలేం. కానీ ఈ వ్యానులో ఇంజను మా నడుమనే ఉంది! మూత తీసి పెట్టి తోలితే కండ్లారా చూడవచ్చు. ఇన్నాళ్ళూ ఆ మూత మీద కూర్చునే ఆలోచించాను.

నీళ్ళు నింపి, అందరం ఎక్కాక, పెట్టె మూత తీసి వెనక కూర్చున్న ఐలయ్యకు ఇచ్చాను. అది ప్రమాదమైన పని. లోపల ఫ్యాను రెక్కలు తిరుగుతుంటాయి, బట్ట తగిలితే లాక్కుపోతాయి. సరోజనను కొంగు నడుముకు గట్టిగా చుట్టుకుని సీటు వెనక్కి ఆనుకొమ్మన్నాను. నేను వెనక సీటు మీద నుంచి బోర్లా వంగి, టార్చి వెలుగు లోపలికి వేశాను. మల్లేశాన్ని మెల్లగా స్పీడు పెంచమన్నాను. వేడిగాలి ముఖానికి కొట్టింది. చప్పుడుకు మాట వినబడడం లేదు. ఇరవై మైళ్ళు, ఇరవై అయిదు, ముప్ఫై. బెల్టు తిరుగుతోంది, పంపు తిరుగుతోంది. నాకేమీ తేడా కనబడలేదు. ముప్ఫై అయిదు.

"అన్నా! పైపు! కింది పైపు నలుగుతాంది!" అని అరిచింది సరోజన. తను కూర్చున్న వైపు నుంచి అది నేరుగా కనబడుతోంది.

టార్చి అటు తిప్పాను. రేడియేటరు కింది నుంచి పంపుకు నీళ్ళు తెచ్చే నల్లటి రబ్బరు గొట్టం, మోటారు భాషలో కింది హోసు, ఎవరో కాలితో తొక్కినట్టు చప్పటగా అణిగిపోయి ఉంది! నీళ్ళు పోయే దారే లేదు. "స్లో చెయ్!" అని కేకవేశాను. మల్లేశం కాలు తీశాడు. గొట్టం ఊపిరి పీల్చినట్టు ఉబ్బి గుండ్రంగా అయిపోయింది. "పెంచు!" అన్నాను. మళ్ళీ నలిగింది. "తగ్గియ్!" మళ్ళీ ఉబ్బింది. మూడుసార్లు చేయించాను. రెండోసారికే నమ్మకం కుదిరింది. మూడోసారి కేవలం సంతోషానికి చేయించాను. ఏడాదిన్నరగా నన్ను ఏడిపించిన జబ్బు కండ్ల ముందు కనబడుతూ ఉంటే, చెప్పొద్దూ, వంగి ఉన్నవాణ్ణి అట్లాగే పెద్దగా నవ్వాను. వెనక నుంచి ఐలయ్య ఏమైంది ఏమైంది అని నా భుజం గుంజుతున్నాడు.

సంగతి ఇది. పంపు జోరుగా తిరిగినప్పుడు కింది హోసులోంచి నీళ్ళను గట్టిగా గుంజుతుంది. ఆ గుంజుడుకు గొట్టం నలగకుండా లోపల ఒక తీగచుట్ట, అంటే స్ప్రింగు, ఉంటుంది. అది తుప్పు పట్టి పోయిందన్నమాట. చల్లగా ఉన్నప్పుడు రబ్బరు గట్టిగానే ఉంటుంది. వేడెక్కి మెత్తబడ్డాకే నలుగుతుంది, అదీ స్పీడులోనే. కాజీపేట దాకా నేను తోలిన దూరానికి అది మెత్తబడలేదు.

జబ్బు దొరికింది కానీ మందు లేదు. గొట్టం ఇప్పటికే బాగా మెత్తబడింది, ఇంక పదిహేను మైళ్ళ స్పీడు దాటకుండా పోతేనే నలగదు. అట్లా పోతే డోర్నకల్ చేరేసరికి పన్నెండు దాటుతుంది. హోసు దొరికే దుకాణం దారిలో ముందున్న మానుకోటలో ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఆపించి, రేడియేటరు మూత మీద తడి గోనె వేసి, కొద్దిగా తిప్పి ఆవిరి పోనిచ్చాను. ఉడుకుతున్న రేడియేటరు మూత ఒక్కసారిగా తీస్తే ముఖం కాలుతుంది. చల్లారాక కింది హోసు ఊడదీసి బోర్లిస్తే ఎర్రటి తుప్పు పొడి రాలింది. స్ప్రింగులో మిగిలింది అంతే. మా షెడ్డులో ఆ గొట్టాన్ని మూడుసార్లు ఊడదీశాం, మూడుసార్లు బిగించాం. ఒక్కరమూ లోపలికి చూడలేదు.

అప్పుడే ఎదురుగా ఒక రైతు సైకిలు మీద వస్తున్నాడు. పేరు కొమురయ్య అని తరువాత తెలిసింది. నా చూపు ఆయన మీద కాదు, ఆయన కూర్చున్న సీటు కింద పడింది. వెనక రెండు లావు స్ప్రింగులు. సైకిలు ఆపించి, వేళ్ళతో కొలిచి చూశాను. హోసు లోపలికి సరిగ్గా పట్టేట్టున్నాయి.

ఎట్లా అడగాలో నాకు తెలియలేదు. ఐలయ్యే అడిగాడు. బిడ్డను చూపించి, కాగితం చూపించి, సంగతంతా చెప్పాడు. కొమురయ్య సైకిలు వైపు, అమ్మాయి వైపు చూశాడు.

"పిల్ల నౌకరికి సీటు అడ్డమా? ఇప్పుకోండ్రి. నేను నిలబడి తొక్కుత" అన్నాడు. అని ఊరుకోకుండా, "అయితే పానా నాకియ్యి, ఆ నట్టు తుప్పు పట్టింది, దాని కిటుకు నాకే తెలుసు" అని తానే విప్పాడు.

రెండు స్ప్రింగులనూ ఒకదాని వెనక ఒకటి హోసులోకి తిప్పుతూ ఎక్కించాను. బిగించాను. ఇంజను వేడిగా ఉండగా చన్నీళ్ళు ఒక్కసారిగా పోస్తే లోపల ఇనుము చిట్లుతుంది. అందుకని ఇంజను తిరుగుతూ ఉండగా దారపోతగా పోశాం. బయలుదేరేసరికి పదీ నలభై. ఇంజను పెట్టె మూత పెట్టలేదు. మల్లేశం ముప్ఫై అయిదు పట్టించాడు. నలగలేదు. నలభై. నలగలేదు! "నిలబడ్డది! నిలబడ్డది!" అని సరోజన సీటులో ఎగిరి, సంచి కింద పడేసుకుంది. నేను మానుకోట దాకా గొట్టాన్నే చూస్తూ కూర్చున్నాను. సూది సగం దగ్గర ఆగి, డోర్నకల్ దాకా అక్కడే ఉంది.

పదకొండూ నలభై అయిదుకు ఆఫీసు ముందర దిగాం. నా చేతులకూ చొక్కాకూ గ్రీసు అంటుకుని ఉన్నందుకు బంట్రోతు నన్ను లోపలికి రానివ్వలేదు. బయట చెట్టు కింద నిలబడ్డాను. పన్నెండు దాటాక ఐలయ్య బయటికి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు. సరోజన సంతకం పెట్టింది.

వచ్చేటప్పుడు మానుకోటలో కొత్త సైకిలు సీటు కొని, ఊరు అడుక్కుంటూ పోయి కొమురయ్యకు బిగించి ఇచ్చాం. వరంగల్ చేరాక హోసు మార్చాను. వ్యాను మరో ఆరేండ్లు తిరిగింది. వేడి మాట మళ్ళీ రాలేదు.

నిలబెట్టిన బండిలో జబ్బు కనబడలేదంటే జబ్బు లేదని కాదు. అది ఎప్పుడు వస్తుందో అప్పుడు, అదే స్పీడులో, అదే బరువుతో చూడాలి. ఎప్పుడు వస్తుందో తెలిసేది దాన్ని రోజూ తోలేవాళ్ళకూ, అందులో కూర్చునేవాళ్ళకూ. నేను షెడ్డు వదిలిపెట్టే దాకా, ఏ బండికైనా పానా పెట్టక ముందు, ఓనరును పక్కన కూర్చోబెట్టుకుని ఒక చక్కరు తిరిగి వచ్చేవాణ్ణి. దారిలో ఆయన చెప్పేది వినేవాణ్ణి. తిరిగి వచ్చాక, చాలా బండ్లను విప్పే అవసరమే పడలేదు.