మంచం మీద నుంచి హోసన్నా

మొన్న మట్టల ఆదివారం చర్చి పిల్లలు మా వీధిలో ఊరేగుతూ వస్తే, వాళ్ల చేతుల్లో ప్లాస్టిక్ మట్టలు కనిపించాయి. వై.ఎన్.హొసకోట బజారులో కొన్నారట. ఇదేం కాలం రా నాయనా అనుకుంటూ అరుగు మీద కూర్చున్న నేను, ఈ వయసులో ఏం బుద్ధి పుట్టిందో ఏమో, వాళ్ల వెనకాల వస్తున్న ఎదురింటి కోడల్ని పిలిచి, ఇంతకీ హోసన్నా అంటే ఏమిటని అడిగాను. సోలారు పలకలు తుడిచే పనికి పోయే పిల్ల అది, పుట్టింటి నుంచే చర్చికి అలవాటు.

"అది హీబ్రూ మాటంట అవ్వా. కాపాడు సామీ, ఇప్పుడే కాపాడు అని అడుక్కునేది," అని చెప్పి నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

మేము గొర్రెలు వదిలి సేద్యంలోకి దిగినవాళ్లం. మా దేవుళ్లు వేరైనా, మా ఊరు వల్లూరులో శెనక్కాయ చేను గట్టున ఈతచెట్లు ఉండేవి గనుక, ఏటా చర్చికి మట్టలు కోసి ఇచ్చేది మా నాయనే. పిల్లల చేతులకు గుచ్చుకోకుండా మట్ట మొదలు దగ్గరి ముళ్లు చెక్కి మరీ ఇచ్చేవాడు. ఆ మట్టల వెంటే నేనూ చెల్లెలూ ఊరేగింపులో దూరేవాళ్లం. నా ఈడువాళ్లకు తెలుసు, ఆ రోజుల్లో పిల్లలకు ఏ దేవుడి ఊరేగింపైనా ఒకటే. హోసన్నా అని అందరికంటే గట్టిగా అరిచేది మా చెల్లెలే. జాతర కేకలాంటిదే అనుకునేవాళ్లం.

వానలు ఎగ్గొట్టిన ఒక ఏడు చెల్లెలికి జ్వరం పట్టుకుంది. ఏ మందుకూ దిగలేదు. మట్టల ఆదివారం నాటికి లేచి కూర్చునే ఓపిక లేకపోయినా, నేనూ పోతానని ఒకటే ఏడుపు. చూడలేక నాయన మంచం వాకిట్లో వేసి, చిన్న మట్ట ఒకటి చేతిలో పెట్టాడు. ఊరేగింపు దాటిపోయింది, అది మాత్రం ఆపలేదు. పీల గొంతుతో, మా మొహాలే చూస్తూ, హోసన్నా హోసన్నా అని పొద్దుగూకేదాకా అంటూనే ఉంది. "చూడండప్పా, నా బిడ్డకు పానం లేసొచ్చినాది!" అని అమ్మ పొంగిపోయి, ఇరుగుపొరుగుకు చెప్పుకొని, రాగిజావ కాచి తాగించింది.

ఆ వారం దాటకుండానే చెల్లెలు పోయింది.

"పోయేముందర కూడా నా బిడ్డ సంతోసంగా పాడుకున్నాది," అని అమ్మ బతికినన్నాళ్లూ ఆ ఒక్కదాన్నే పట్టుకుని బతికింది. చెల్లెలికీ ఆ మాటకు అర్థం తెలియదని నాకు తెలుసు. అది తెలిసినంత మాత్రాన నా మనసు ఊరుకుంటుందా? ఇప్పుడే కాపాడమని రోజంతా మమ్మల్నే అడిగినట్టుంది నా చిట్టితల్లి!

అమ్మా నాయనా ఎప్పుడో పోయారు. ఆ చేను సోలారు పార్కులో కలిసింది, పలకల మీద నీడ పడుతుందని ఈతచెట్లు కొట్టేశారు. మట్ట కోసి ఇచ్చే మనిషీ లేడు, కోయడానికి చెట్టూ లేదు. ఒకవేళ అమ్మ నా పక్కన అరుగు మీదే ఉండి, చెవి సరిగా వినబడక, ఆ ఎదురింటి పిల్ల ఏం చెప్పిందే అని అడిగి ఉంటే, ఏముందమ్మా, సంతోషంగా వేసే కేకంట అని చెప్పి ఉండేదాన్ని.